బల్బులో సినిమా, చెరువులో స్టీమరు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజి విన్నాను. "బల్బులో నీళ్ళు పోసి సినిమా వేసేవాళ్ళం కదరా, ఎలాగది? మావాడికి చూపిద్దామంటే సగమే గుర్తొస్తోంది" అన్నావు. ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నేను మొదలెట్టగానే "మీటింగుంది, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ ఎప్పటికీ రాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు నువ్వడిగింది. మాడిపోయిన పాతకాలం బల్బు తీసుకోవాలి, లోపల తీగ ఉండే రకం. అడుగున నల్లగా ఉండే భాగాన్ని మేకుతో మెల్లగా పొడిచి ఊడదీసి, లోపలి గాజు కాడనీ తీగనీ లాగేసి, కడిగి, నిండా నీళ్ళు పోయాలి. అంతే, భూతద్దం తయారు. కిటికీ తలుపులు వేసి గది చీకటి చేసి, చెక్కకున్న కన్నంలోంచి ఎండ లోపలికి వచ్చేలా బయట ఒకడు అద్దం పట్టుకోవాలి. కన్నానికి అడ్డంగా రీలు ముక్క తలకిందులుగా పెట్టాలి. నిటారుగా పెడితే గోడ మీద హీరో తలకిందులుగా వేలాడతాడు. దానికి రెండు మూడు వేళ్ళ దూరంలో బల్బు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే, మసకమసకగా ఉన్న రంగులు ఒక్కసారిగా తేటపడి ఎదురుగా కట్టిన తాతయ్య పంచె మీద పెద్ద బొమ్మ పడుతుంది. మొదటిసారి అలా పడ్డప్పుడు గదిలో ఉన్న గుంటలందరూ వేసిన కేక వీధి చివరికి వినిపించింది.

సూర్యుడు ఒకచోట నిలబడడు కదా, బయటివాడు అద్దాన్ని క్షణక్షణం సర్దుతూ ఉండాలి. ఆ పని ఎప్పుడూ నీదే. ఎండలో నిలబడి, లోపలి నుంచి మా తిట్లు తింటూ, ఒక్క బొమ్మా చూడకుండానే ఆటంతా నడిపించేవాడివి. నీకు సగమే గుర్తుందంటే ఆశ్చర్యమేముంది? నువ్వు చూసింది సగమే!

మీవాడి చేత మాత్రం బల్బు పగలగొట్టించకు. గాజు కదా, ఇప్పుడు తలుచుకుంటే నాకే టెన్షన్. స్టేషనరీ షాపులో భూతద్దం కొను, అదే పని చేస్తుంది. అసలు చిక్కు రీళ్ళది. హాళ్ళన్నీ డిజిటల్ అయ్యాక రీళ్ళే రావడం లేదు, ఇక ముక్కలెక్కడివి? మన రోజుల్లో ఆపరేటర్ గది వెనక తుడిచి పారేసిన ముక్కలు ఏరుకునేవాళ్ళం. ఒక సెకనుకి 24 బొమ్మలు తిరిగితే గానీ సినిమా కాదు. మన దగ్గర ఉన్నవేమో పైకెత్తిన ఒక చెయ్యి, సగం మొహం, ఎవరిదో తెలియని పెళ్ళిపందిరి. వాటినే వరసగా పేర్చి నేను కథ చెప్పేవాణ్ణి. రోజుకో కథ. ఒకే చెయ్యి ఒకరోజు విలన్‌ని కొట్టేది, మర్నాడు అక్షింతలు వేసేది.

మొన్నటి నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను బావా. మనకి అన్నీ ముక్కలుగానే వచ్చేవి. ఊరే ముక్కలైన ఊరు కదా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, ఊరు ఇటు ఒరిస్సాలోకి, పాతపట్నం అటు పోయాయి. వంతెన దాటితే ఆంధ్రా. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, టీవీలో హిందీ. ఏదీ పూర్తిగా చేతికి దొరికేది కాదు. దొరకని భాగాన్ని మనమే కల్పించుకునేవాళ్ళం, మన అసలు ఆట అదే. కొన్న బొమ్మల కంటే అదే నాకు ఎక్కువ గుర్తుంది.

చందమామ సంగతే చూడు. 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన పత్రిక, తర్వాత ఒడియాలో జహ్నమాముగా కూడా వచ్చింది. మన తెలుగు సంచిక పాతపట్నం నుంచి ఎవరైనా తెస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పై వీధిలో ఉండే ఒడియా కుర్రాడింటికి మాత్రం జహ్నమాము ఠంచనుగా వచ్చేది. బొమ్మలు అవే! భేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు, శంకర్ గీసిన అదే బొమ్మ, కింద మాత్రం గుండ్రటి ఒడియా అక్షరాలు. ఇద్దరి పుస్తకాలూ అరుగు మీద పక్కపక్కన పరిచి, అందులో రాజు పేరు ఇందులో ఎక్కడుందో వెతికేవాళ్ళం. తాతయ్య పలక మీద దిద్దించినదానికంటే నాకు తెలుగు చదవడం ఆ వెతుకులాటలోనే బేగి వచ్చింది. ఆ ఒడియా కుర్రాడికీ మన అక్షరాలు వచ్చేశాయి, ఇప్పటికీ బస్సు బోర్డులు మనకంటే వేగంగా చదువుతాడు.

ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య మన పక్కనే, శ్రీకాకుళం వాడని అప్పుడు మనకి తెలియదు. తెలిసుంటే సైకిలేసుకుని వెళ్ళిపోయేవాళ్ళం కాదేటి?

ఇక టీవీ. 1988 అక్టోబరు 2న మహాభారతం మొదలైంది, ఆదివారం. మీ ఇంట్లో టీవీ, మా ఇంట్లో జనం. అందరం మీ ఇంటికే. మేడ మీద ఆంటెనా తిప్పుతూ ఒకడు, కిటికీలోంచి "వచ్చింది... పోయింది" అని అరిచేవాడు ఒకడు. హిందీ ఎవరికీ సరిగ్గా రాదు, కథేమో అందరికీ వచ్చు. మా మామ్మ గుర్తుందా? తెర మీద వాళ్ళు ఒక మాట అనేలోపు ఆవిడ నాలుగు పద్యాలు చదివేది. అభిమన్యుడు పెద్దవాడైన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం శశిరేఖ పెళ్ళి కోసం కాచుకుని కూర్చుంది. ఘటోత్కచుడొస్తాడు, మాయ చేస్తాడు, విందంతా ఊదేస్తాడు అని మాకు ముందే ఊరించి పెట్టింది. తీరా చూస్తే అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళి చేసేసి యుద్ధానికి పంపేశారు. శశిరేఖ ఊసే లేదు. శశిరేఖ కథ మనవాళ్ళు కల్పించుకున్నదనీ, వ్యాసుడు రాయలేదనీ ఎవరు చెప్పినా ఆవిడ వినలేదు. "పిల్లదాని పెళ్ళి ఎగ్గొట్టారు" అని తీసినవాళ్ళని ఆవిడ పోయేదాకా క్షమించలేదు.

కొన్న బొమ్మల్లో నా మనసులో నిలిచింది ఒక్కటే, రథయాత్రలో దొరికే రేకు స్టీమరు. గుప్‌చుప్ (పానీపూరీ) బండి పక్కన కూర్చునేవాడు పళ్ళెం నిండా నీళ్ళు పోసి అమ్మేవాడు. పడవ కడుపులో చిన్న రేకు డబ్బా, దాని నుంచి వెనక్కి రెండు సన్న గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు నింపి, బుల్లి గరిటెలో నూనె వత్తి వెలిగించి డబ్బా కిందకి తోస్తే, లోపలి నీళ్ళు ఆవిరై గొట్టాల్లో నీటిని వెనక్కి కొడతాయి, పడవ ముందుకి కదులుతుంది. ఆవిరి చల్లారగానే మళ్ళీ నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. డబ్బా పైరేకు లోపలికీ బయటికీ కొట్టుకుంటూ టుకటుకటుక చప్పుడు. ఇంజనూ లేదు, కీ తిప్పేదీ లేదు. లండన్‌లో ఉండే థామస్ పియో అనే ఫ్రెంచివాడు 1891లో దీనికి పేటెంటు తీసుకున్నాడట, ఈమధ్యే చదివాను. మన రథయాత్ర దాకా ఎలా వచ్చిందో పుణ్యం కట్టుకుంది.

కార్తీక పున్నమికి దాన్నే చెరువులో వదలాలని నీ పట్టుదల. ఆ రోజు తెల్లారకట్ల ఒడియా వాళ్ళు జావా, బాలి వెళ్ళిన వర్తకుల జ్ఞాపకంగా కాగితం పడవలూ అరటిడొప్ప పడవలూ దీపాలు పెట్టి వదులుతారు, మన అమ్మలు అరటిడొప్పల్లో దీపాలు వదులుతారు. ఆ దీపాల మధ్యకి నీ స్టీమరు టుకటుకమంటూ దూసుకుపోయి రెండు దొప్పల్ని గుద్ది తిప్పేస్తే, చెరువుగట్టు మీద రెండు భాషల్లోనూ తిట్లు పడ్డాయి. రెండూ మనకి అర్థమయ్యాయి కాబట్టి రెట్టింపు అవమానం.

కొమ్ము బొమ్మలు మాత్రం మనవి కావు. ఊరి పేరు చెప్తే పైవాళ్ళకి గుర్తొచ్చేవి అవే, కొమ్ముతో చేసిన కొంగలు, రొయ్యలు, లేళ్ళు. ఆ వీధిలో ఆకురాయి పెడుతుంటే జుట్టు కాలిన వాసన వచ్చేది. అన్నీ అద్దాల బీరువాలోకో, పెద్ద ఆఫీసర్లకి కానుకగానో పోయేవి. మన చేతికి ఒక్కటీ ఇచ్చిన పాపాన పోలేదు. అలాగే చిన్న రైలు. 1900లో నౌపడా నుంచి మన ఊరిదాకా వేసిన ఆ బుల్లి లైను ఇప్పుడు పెద్ద లైను అయింది. సౌకర్యమే, ఒప్పుకుంటాను. కానీ పరిగెత్తి ఎక్కగలిగే రైలు ఉన్న ఊరికి బొమ్మ రైలు ఎందుకు?

ఈమధ్య వాట్సాప్‌లో "మా బాల్యమే బంగారం, నేటి పిల్లలకి ఫోనే లోకం" అని తిరిగే ఫార్వర్డులు నాకు నచ్చవు. మన పక్కింటి గుంటడు ఫోన్లో ఏదో ఆటలో ఇళ్ళు కడుతూ, అందులో లేని కథలన్నీ వాడే చెప్పుకుంటాడు. మాటలు వింటుంటే బల్బు సినిమా రోజులే. కాబట్టి మీవాడికి చూపించు గానీ, మా రోజుల్లో అంటూ ఉపన్యాసం ఇవ్వకు. అద్దం కూడా వాడి చేత పట్టించకు, నువ్వే పట్టుకో. నీకు అనుభవం ఉంది.

ఇంకొక్క మాట. నా నీలం సోడాగోలీ, లోపల తెల్ల చారలున్నది, నువ్వు బళ్ళో ఆఖరి పరీక్ష రోజున గెలిచావని నువ్వంటావు, అప్పు తీసుకున్నావని నేనంటాను. మీ అమ్మగారిని అడుగు, ఆవిడ నా వైపే చెప్తుంది. ఈ రథయాత్రకి వస్తే గోలీ పట్టుకుని రా, స్టీమరు ఖర్చు నాది.

ఇట్లు,
వీధి చివరింటివాడు