స్టెల్లా బొమ్మకు ఇంకో స్టెల్లా ఫొటో

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన న్యూయార్క్ బొమ్మ గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు.

బొమ్మ జోసెఫ్ స్టెల్లా అనే చిత్రకారుడిది. మీరు వేసిన ఫొటో అదే ఇంటిపేరున్న ఇంకో చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లాది. ఫ్రాంక్ గారు పుట్టింది 1936లో, ఆ బొమ్మ పూర్తయింది 1922లో. పుట్టడానికి 14 ఏళ్ల ముందే కుంచె పట్టాడన్నమాట! మా వీధిలో ఒకే ఇంటిపేరువాళ్లు నాలుగిళ్లున్నారు. పోస్ట్‌మ్యాన్ ఏనాడూ ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇవ్వలేదు.

అది ఐదు పలకల బొమ్మ. అన్నీ కలిపి దాదాపు 22 అడుగుల వెడల్పు. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు నెవార్క్ మ్యూజియంలో చూశాను. ఓ చివర రేవు, మధ్యలో ఆకాశహర్మ్యాలు, వాటికి అటూ ఇటూ బ్రాడ్‌వే కరెంటు దీపాలు, ఇంకో చివర బ్రూక్లిన్ వంతెన. మీరు వంతెన ఒక్కటే వేసి, దాని పైభాగం కూడా ప్లాట్ల ప్రకటన కోసం కోసేశారు. గోపురం తీసేసి గుడి చూపించినట్టుంది.

పైగా బొమ్మ కింద రాసిన మాటల్లో దాన్ని 'పిచ్చిగీతలు' అన్నారు. ఫ్యూచరిజం అనే చిత్రకళా ధోరణి అంటే భవిష్యత్తు చెప్పడమట! పంచాంగం అనుకున్నారా? ఒక వస్తువును విడగొట్టి నాలుగు వైపులా ఒకేసారి చూపాలన్నది క్యూబిస్టులనే ఇంకో చిత్రకారుల బృందం పట్టు. వేగం, యంత్రం, దీపాల జిగేలు పట్టుకోవాలన్నది ఫ్యూచరిస్టుల తపన. 1896లో ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడు జోసెఫ్ స్టెల్లాకి న్యూయార్క్ ఎలా కనబడి ఉంటుందో చెప్పడానికి ఈ రెండూ కావలసి వచ్చాయి. అన్నట్టు, ఫ్యూచరిస్టుల ప్రణాళిక 1909లో పారిస్‌లో ఓ దినపత్రిక మొదటి పేజీలోనే వచ్చింది. పత్రికలు అలా కూడా ఉండేవి.

మిమ్మల్నొక్కరినే అని లాభం లేదు. నేను రిటైరయ్యాక మా బడికి ఇంకో డ్రాయింగ్ మాస్టారు రాలేదు. పోస్టు కూడా నాతోపాటే రిటైరైంది. చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే ఎంతో గీసి వెళ్లిపోయిన ఊరు ఇది. ఇక్కడి ఆయన గ్యాలరీకి దారి అడిగితే ఆటోవాళ్లు మొహాలు చూసుకుంటారు. 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెన గోదావరి మీద అలాగే ఉంది. వచ్చిన ప్రతి అధికారీ దాన్ని ఉద్ధరిస్తానంటాడు, ఫొటో దిగుతాడు, బదిలీ అయిపోతాడు. వంతెనను చూసి బొమ్మ వేసేవాడు ఒక్కడైనా తయారు కావాలంటే పిల్లలకు ముందు బొమ్మ చూడటం రావాలి కదా! వాళ్లకేమో స్టడీ అవర్ టెన్షన్.

దయచేసి ఐదు పలకలూ పక్కపక్కన, అంచులు తెగకుండా, రంగుల్లో మళ్లీ వేయండి. అసలు స్టెల్లా ఫొటోతో. మీ ప్లాట్ల ప్రకటన మాత్రం ఎక్కడా ఒక్క గజం తెగకుండా వచ్చింది.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, రాజమహేంద్రవరం