కార్బురేటర్ మార్చేముందు నీడిల్ వాల్వ్ చూడండి

సంపాదకులకు,

ఎండలు ముదిరేకొద్దీ పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు షెడ్డుకు వచ్చేది ఒకే జబ్బుతో. బానెట్ కింద పెట్రోల్ వాసన, సైలెన్సర్‌లో నల్లపొగ, వేడిమీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం. ఓవర్‌ఫ్లో (పెట్రోల్ పొంగడం) అనగానే అసలు సోలెక్స్ కంపెనీ కార్బురేటర్‌ను విప్పి పక్కన పడేసి, బజారు నకలు బిగించేస్తున్నారు. చాలా బళ్లలో చెడేది వేలిగోరంత నీడిల్ వాల్వ్, అంటే లోపలికి పెట్రోల్ రాకను ఆపే సూది కవాటం, మాత్రమే. అసలుది ఒకసారి చేజారితే మళ్లీ దొరకడం కష్టం. అందుకే ఈ ఉత్తరం.

ముందు జాగ్రత్త. పెట్రోల్ బయటికి కారుతుంటే సెల్ఫ్ కొట్టకండి, బ్యాటరీ వైరు తీసేయండి. లోపలికి చూడటానికి టార్చి వాడండి, అగ్గిపుల్ల వద్దు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ కంపు కొడుతుంటే, మరమ్మతు అయ్యాక ఆయిల్ మార్చకుండా బండి తియ్యకూడదు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

బయటికి కారడం లేకపోతేనే, ఎయిర్ క్లీనర్ తీసి, బండి స్లో రన్నింగ్‌లో ఉండగా కార్బురేటర్ గొంతులోకి చూడండి. ఆ వేగంలో మెయిన్ నాజిల్ నుంచి చుక్క పడకూడదు. పడుతోందంటే కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే బౌల్‌లో మట్టం ఎక్కువైంది. స్లోలో పొడిగానే ఉండి, వేడిగా ఆపిన ఐదు పది నిమిషాలకు చుక్కలు మొదలైతే అది వేరే సంగతి: ఇంజిన్ సెగకు బౌల్‌లో పెట్రోల్ మరుగుతోంది. కార్బురేటర్ కింద ఉండాల్సిన మందపాటి ఇన్సులేటర్ ప్యాకింగ్ ఉందో లేదో చూడండి. పలచటి కాగితం ప్యాకింగ్‌తో సరిపెట్టిన బళ్లు చాలానే కనిపిస్తాయి.

మట్టం ఎక్కువైతే కార్బురేటర్ మూత విప్పండి. నీడిల్ వాల్వ్ ఊడదీసి, సూదిని వేలితో మెల్లగా నొక్కి పట్టుకుని, శుభ్రమైన గొట్టంతో పెట్రోల్ వచ్చే వైపు నుంచి ఊదండి. గాలి దూరితే సీటు మీద నలుసైనా ఉంది, సూది కొన చుట్టూ అరుగుడు గీత అయినా పడింది. గీత పడ్డదాన్ని ఎమరీతో రుద్దడం దండగ, సెట్టు మార్చాల్సిందే. కొనేటప్పుడు దానిమీద చెక్కిన అంకె చూడండి. 1.5 అంటే రంధ్రం 1.5 మి.మీ. దాని చోట 2.0 వేస్తే పెట్రోల్ తోసే బలం పెరిగి, పెట్రోల్ మీద తేలుతూ సూదిని మూసే ఫ్లోట్ దాన్ని ఆపలేదు. వాల్వ్ కింద వాషర్ మందం పెరిగితే మట్టం దిగుతుంది, పలచనైతే ఎక్కుతుంది. వాషర్ లేకుండా బిగించి ఆపైన ఓవర్‌ఫ్లో అని తలపట్టుకునేవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఇత్తడి ఫ్లోట్. చెవి దగ్గర ఊపితే గలగలమంటే చిల్లి పడినట్టే. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో అక్కడే చిల్లి. లోపలి పెట్రోల్ మొత్తం ఆవిరయ్యేదాకా టంకం ముట్టించకండి, పేలుతుంది. టంకం పలచగా ఉండాలి. ముద్ద పెడితే ఫ్లోట్ బరువెక్కి మునుగుతుంది, మట్టం మళ్లీ పెరుగుతుంది.

ఇవన్నీ బాగున్నా పొంగుతుంటే పంపు దగ్గరికి రండి. ఈ కార్బురేటర్లకు పెట్రోల్ ఒత్తిడి 2 నుంచి 3 పీఎస్‌ఐ చాలు. ఇంజిన్‌తో నడిచే పాత ఏసీ కంపెనీ పెట్రోల్ పంపు తీసేసి బజారు ఎలక్ట్రిక్ పంపు పెట్టుకున్నవాళ్లు T ఆకారపు గొట్టం వేసి గేజితో కొలవండి. 4 దాటితే ఎంత మంచి నీడిల్ అయినా ఓడిపోతుంది. ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టుకోక తప్పదు.

2023 ఫిబ్రవరిలో ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ అమ్మకం మొదలయ్యాక ప్రతి తప్పూ ఇథనాల్ మీదికి తోసేయడం అలవాటైంది. పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఇథనాల్ ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న బంకను, తుప్పును కదిలిస్తుంది. పాత రబ్బరు గొట్టాన్ని ఉబ్బించి లోపల పెచ్చులు రేపుతుంది. ఆ పెచ్చులే నీడిల్ సీటులో ఇరుక్కుంటాయి. కాబట్టి వాల్వ్ కడిగి మూత బిగిస్తే వారానికే మళ్లీ మొదటికొస్తుంది. ట్యాంకు కడిగించి, ఇథనాల్ తట్టుకునే గొట్టం వేసి, పంపుకు ముందు ఫిల్టర్ పెట్టాలి.

చమురు కంపెనీలకు ఒక మాట. బంకులో ప్రతి పంపు మీద ఇథనాల్ శాతం పెద్దక్షరాల్లో తెలుగులో రాయించండి. 20 శాతం అని ముందే తెలిస్తే, పాత బండివాళ్లు గొట్టం మార్చుకున్నాకే పెట్రోల్ పోయించుకుంటారు.

ఇట్లు,
ఒక కార్బురేటర్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ