50 రూపాయలు ఎందుకు పెంచామంటే

కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి మన ఇంటర్నెట్ ప్లాన్లన్నింటి మీదా 50 రూపాయలు పెరుగుతున్నాయని మెసేజ్ పెట్టగానే ఫోన్లు మొదలయ్యాయి. డొంకతిరుగుడు లేకుండా చెప్తాను. అందులో ఎక్కువ భాగం రౌటింగ్, అంటే డేటా ఏ దారిన పోవాలన్నది, చూసుకోవడానికి తీసుకున్న ఇంజినీరు గారి జీతానికే పోతుంది.

ఉన్న కుర్రాళ్లు చాలరా అని అడిగారు. ఫైబర్ తెగితే మన లైన్‌మెన్ వానలో కూడా వెళ్లి అతికించి (స్ప్లైసింగ్ చేసి) వస్తారు, వాళ్లకు వంక పెట్టలేం. కానీ ఒక్కోసారి కేబుల్ బాగానే ఉంటుంది, బాక్సులో ఎర్రలైటు ఉండదు, స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా వస్తుంది, అయినా పిల్లాడి గేమ్‌లో పింగ్, అంటే సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే టైమ్, 180 మిల్లీసెకన్లు దాటుతుంది. అప్పుడు డేటా ఏ దారిన పోతోందో చూసేవాళ్లు కావాలి. మనకు బ్యాండ్‌విడ్త్ ఇచ్చే ఒక కంపెనీ, సాయంత్రమైతే హైదరాబాద్ సర్వర్‌కు పోవాల్సిన ట్రాఫిక్‌ని సింగపూర్ తిప్పి తెస్తోంది. తెనాలి నుంచి హైదరాబాద్‌కి సింగపూర్ మీదుగా! కొత్తాయన ట్రేస్‌రూట్‌లు (డేటా ఏ దారిన పోయిందో చూపే రిపోర్టులు) తీసి పంపేదాకా వాళ్లు ఒప్పుకోలేదు.

ఆయన బీటెక్ కాదట కదా అనేది రెండో ప్రశ్న. కాదు. డిప్లొమా చేసి కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్‌లో చేరారు, తర్వాత ఒక పెద్ద ఐఎస్‌పీలో (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో) నైట్ షిఫ్టులు చేస్తూ పని నేర్చుకున్నారు. ఈ లైన్లో ఇది వింతేమీ కాదు. నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారి చెప్పుకునే బీజీపీనే తీసుకోండి. 1989లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒక మీటింగ్‌కి వెళ్లిన సిస్కో కంపెనీ కిర్క్ లాహీడ్, ఐబీఎం కంపెనీ యాకోవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర నాప్‌కిన్ల మీద గీసుకున్నదే అది. స్విచ్‌లలో డేటా అక్కడక్కడే తిరుగుతూ లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ పద్ధతిని తయారుచేసిన రాడియా పెర్ల్‌మన్ ఎంఐటీలో చదివింది లెక్కలు. సర్టిఫికెట్లు వద్దని నేను అనను, సీసీఎన్ఏ (సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) ఉంటే మంచిదే. అవతలి నెట్‌వర్క్‌ వాడి తప్పు అర్ధరాత్రి మన నెత్తిన పడితే ఏం చేయాలో మాత్రం ల్యాబ్‌లో తెలియదు.

అందుకే ఇంటర్వ్యూలో ఆయన్ని నేరుగా రౌటర్ ముందు కూర్చోబెట్టాను. బయటి నుంచి వచ్చే రూట్లలో తప్పుడువాటిని ఆపే ఫిల్టర్లు ఉన్నాయా, మన ఐపీ అడ్రసులను ప్రకటించే హక్కు ఎవరిదో చెప్పే ఆర్‌ఓఏ చేయించారా అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఉన్నాయన్నాను. అయినా నమ్మకుండా కాన్ఫిగరేషన్ తెరిచి ఒక్కో లైనూ చదివారు. అది నాకు నచ్చింది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపబోయి, ఆ అడ్రసులు తమవేనన్నట్టు బయటికి ప్రకటించేసింది. వాళ్లకు బ్యాండ్‌విడ్త్ ఇచ్చే హాంకాంగ్‌లోని పైకంపెనీ ఫిల్టర్ చేయకుండా దాన్నే అందరికీ పంపింది. సుమారు రెండు గంటలు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ రాలేదు. ఒక్కో లైనూ చదివే మనిషి ఎందుకు కావాలో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

ఏడాది ప్యాక్ కట్టినవాళ్లకు గడువు అయ్యేదాకా పాత రేటే. ఈ ఆదివారం అర్ధరాత్రి దాటాక ట్రాఫిక్‌ని రెండో కంపెనీ మీదికి మారుస్తున్నాం, కాసేపు నెట్ ఆగి వస్తుంది. సోమవారం సాయంత్రం కూడా పింగ్ తగ్గకపోతే, ఏ గేమ్ ఆడుతున్నారో రాసి స్క్రీన్‌షాట్ ఆఫీసు వాట్సాప్‌కి పంపండి.