లోన్ వచ్చింది, ఉద్దెర ఖాతా బంద్: మా ఇల్లందు కస్టమర్లకు ఒక మాట

అందరికీ నమస్తే. మా పిండివంటల షాపు వెనక గదిలో కొత్త మెషిన్లు దిగినప్పటి నుంచి ఊళ్లో ఒక మాట నడుస్తోంది. "వీళ్లకు గవర్నమెంటు పది లక్షలు ఊరికే ఇచ్చిందట, అయినా సకినాల రేటు పెంచారు" అని. ఈ మాట నా ముఖం మీదే అన్నవాళ్లకు థాంక్స్. వెనక అనుకుంటున్నవాళ్లకు కూడా కలిపి లెక్క చెబుతున్నాను.

మేము తీసుకున్నది పీఎంఎఫ్ఎంఈ అనే స్కీం. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో మొదలైంది. రూపాయిలో 60 పైసలు కేంద్రానివి, 40 పైసలు రాష్ట్రానివి. యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, అది కూడా 10 లక్షలు దాటకూడదు. ఆ చివరి అంకె ఒక్కటే ఊరంతా తిరుగుతోంది. నిజంగా 10 లక్షలు రావాలంటే 28 లక్షలకు పైగా పెట్టి యూనిట్ పెట్టాలి. మాది అందులో మూడో వంతు కూడా కాదు. మన చేతి డబ్బు కనీసం 10 శాతం పెట్టాలి, మిగతాది బ్యాంకు లోన్. ఇక ఆ సబ్సిడీ కూడా మన చేతికి ఇవ్వరు. బ్యాంకులోనే పక్కన పెడతారు. మూడేళ్లు కిస్తీలు తప్పకుండా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటే, అప్పుడు లోన్‌లో సర్దుతారు. మధ్యలో షట్టర్ దించితే అంతే సంగతులు.

మరి ఇంత టెన్షన్ ఎందుకు నెత్తిన పెట్టుకున్నట్టు? ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి కొత్తగా ఆర్డర్లు పెడుతున్నవాళ్ల కోసం చెబుతాను. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ చుట్టుపక్కలే బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం ఇల్లందులోనే మొదలైంది. బొగ్గు కంపెనీకి సింగరేణి అనే పేరు వచ్చింది కూడా ఇక్కడి పక్క ఊరి నుంచే. మా ఊరిని పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. 1990ల మొదట్లో కంపెనీ మొత్తంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు పర్మినెంట్‌వాళ్లు 40 వేల చుట్టుపక్కల. బొగ్గు తగ్గిందనుకునేరు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు, అప్పటికి మూడు రెట్లకు పైగా. లోపలికి దిగే ఇంక్లైన్లు మూతపడుతూ, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. పెద్ద పెద్ద యంత్రాలు, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు. తగ్గింది మనుషులే.

మా మామగారు బొగ్గుబాయి పని నుంచి దిగిపోయాక పెట్టిన షాపు ఇది. జీతాల రోజు గల్లా నిండేది, మిగతా నెలంతా ఖాతా పుస్తకం నిండేది. ఇప్పుడు ఆ ఖాతాలో సగం పేర్లు మణుగూరు, భూపాలపల్లి, ఉప్పల్ వెళ్లిపోయాయి. దసరా ముందు కార్మికులకు కంపెనీ లాభాల వాటా పడే వారం ఇంకా మాకు పెద్ద పండగే. కానీ 2024లో పర్మినెంట్ కార్మికులకు సగటున లక్షా 90 వేలు వస్తే, కాంట్రాక్టు కార్మికులకు 5 వేలు వచ్చాయి. కాంట్రాక్టువాళ్లకు కంపెనీ లాభాల్లోంచి డబ్బులు రావడం అదే మొదలు, మంచిదే. అయితే కిలో కొనే ఇంటికీ పావుకిలో కొనే ఇంటికీ ఉన్న తేడా మా తక్కెడకు బాగా తెలుసు. ఒక్క కంపెనీ జీతాల తేదీని నమ్ముకుని ఇక ఈ షాపు నడవదు. అందుకే లోన్.

పిండి పట్టే మెషిన్, వేయించాక నూనె తీసేసే మెషిన్, నైట్రోజన్ గ్యాస్ నింపే ప్యాకింగ్ మెషిన్ వచ్చాయి. సకినాలు చుట్టే మెషిన్ మాత్రం లేదు. నేను చూసినవి జంతికలకు పనికొస్తాయేమో గానీ, తడి బియ్యప్పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్లు చుట్లుగా వేయడం మా దగ్గర పనిచేసే అక్కలకే వచ్చు. ఎక్కువమంది రిటైరైన కార్మికుల ఇళ్లవాళ్లే. వాళ్ల కూలి పెంచాం. కిలో 360 నుంచి 400 అయింది అందుకే. 2024లో దిగుమతి నూనెల మీద సుంకం పెంచినప్పుడు మేము రేటు ముట్టుకోలేదని కూడా కాస్త గుర్తు పెట్టుకోండి.

స్కీం మీద నాకు ఫిర్యాదు లేదని కాదు. మెషిన్ కొనడానికి డబ్బు ఉంది, సరుకు అమ్ముకోవడానికి లేదు. బ్రాండింగ్, మార్కెటింగ్ ఖర్చులో సగం ఇస్తారు గానీ అది పొదుపు సంఘాలకు, రైతు కంపెనీలకు, సహకార సంఘాలకే. మాలాంటి ఒంటరి షాపుకు రాదు. పొదుపు సంఘం సభ్యులకైతే ఒక్కొక్కరికి 40 వేల దాకా మూలధనం ఉంది. మా అక్కల సంఘంతో ఆ సంగతి మాట్లాడుతున్నాం. పైగా బొగ్గు రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధి అని ఒకటి 2015 నుంచి జమవుతోంది. పాత గనుల మీద రాయల్టీలో 30 శాతం. తాగునీళ్లు, ఆసుపత్రి, బడి, నైపుణ్య శిక్షణ, రోడ్లు దాని పనులు. నన్నడిగితే అందులో కొంచెం తీసి ఇల్లందులో చిన్న షాపులన్నిటికీ కలిపి ఒక ప్యాకింగ్ షెడ్ కట్టొచ్చు. రోడ్లు వద్దనడం లేదు. ఆ రోడ్డు మీద పంపడానికి సరుకు కూడా ఉండాలి కదా.

ఇక అసలు విషయం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఉద్దెర లేదు. బ్యాంకు కిస్తీ తేదీ జీతాల తేదీ కోసం ఆగదు. పాత బాకీలకు వడ్డీ లేదు, తొందర లేదు, నెలకు కొంచెం కొంచెంగా కట్టండి. బదిలీ అయి వెళ్లినవాళ్లు ఫోన్‌పేలో పంపినా చాలు. ఎంత ఉందో అడగడానికి మొహమాటపడకండి, పుస్తకం కౌంటర్ మీదే ఉంటుంది.

విడి సరుకు ఎప్పటిలాగే తూకం మీద దొరుకుతుంది. ప్యాకెట్ కొనాలని బలవంతం లేదు. సకినాలు, గరిజలు, అరిసెలు కొరియర్‌లో పంపిస్తాం. సర్వపిండి పంపలేం, సాయంత్రానికే మెత్తబడుతుంది. సంక్రాంతి ఆర్డర్లకు సగం అడ్వాన్స్ తీసుకుంటాం, భోగికి పది రోజుల ముందే పుస్తకం మూసేస్తాం. పోయినేడు చివరి రోజు వచ్చి గొడవపడిన అన్నలు ఈసారి ముందే రండి.