లిస్బన్ వెనుక ఒక సీజన్ మొత్తం ఉంది

సంపాదకులకు నమస్కారం.

1967 మే 25న లిస్బన్‌లో స్కాట్లాండ్‌కు చెందిన గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టు సెల్టిక్, ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచిన సంగతి మన పత్రికల క్రీడా పుటల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన తొలి జట్టు అదే కాబట్టి దాన్ని తలుచుకోవడం న్యాయమే. కానీ ఆ విజయాన్ని ప్రతిసారీ ఒక అద్భుతంగా, ఎక్కణ్నుంచో ఊడిపడ్డ అదృష్టంగా రాయడం చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. 1966-67 సీజన్‌లో స్కాట్లాండ్ అంతటా ఆట ఏ స్థాయిలో సాగిందో చెబితే ఆ మాట నిలవదని నా నమ్మకం.

ఆ రోజు బరిలోకి దిగిన పదకొండు మందీ గ్లాస్గోకు సుమారు 30 మైళ్ల లోపు పుట్టినవారే. ఏడో నిమిషంలోనే పెనాల్టీతో ఇంటర్ ముందంజ వేసింది. ఒక్క గోల్ చేసి ఆపైన గోడ కట్టినట్టు రక్షణకు దిగడంలో ఆ జట్టుకు సాటి లేదు. ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేసిన మేనేజర్ జాక్ స్టీన్ మాత్రం తన జట్టుకు దాడి తప్ప మరోటి నేర్పలేదు. రెండో అర్ధభాగంలో టామీ గెమెల్ స్కోరు సమం చేయగా, చివరి పది నిమిషాల్లో స్టీవీ చామర్స్ గెలుపు గోల్ అందించాడు. ఆ సీజన్‌లో లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్ కూడా సెల్టిక్‌వే. అయితే స్వదేశంలో వాళ్లను రెండుసార్లు ఓడించిన జట్టు ఒకటుంది: డండీ యునైటెడ్. ఆ జట్టే తన మొట్టమొదటి యూరోపియన్ పోటీలో, యూరప్ క్లబ్బుల మరో టోర్నీ అయిన ఫెయిర్స్ కప్‌లో అప్పటి విజేత బార్సిలోనాను వాళ్ల గడ్డపైనా తన సొంత మైదానంలోనూ ఓడించింది. అదే కప్పులో కిల్మార్నక్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. జనాభా 50 లక్షలకు కాస్త పైబడిన దేశం నుంచి మూడు యూరోపియన్ టోర్నీల్లోనూ సెమీఫైనల్‌కు జట్లు చేరడం ఒక్క క్లబ్బు అదృష్టం ఎలా అవుతుంది?

గ్లాస్గోకే చెందిన మరో పెద్ద జట్టు రేంజర్స్ కథ ఇంకా వివరంగా చెప్పాల్సినది. 1967 జనవరి 28న స్కాటిష్ కప్ తొలి రౌండ్‌లో ఆ మహా జట్టు బెరిక్ రేంజర్స్ అనే చిన్న క్లబ్బు చేతిలో 1-0తో ఓడిపోయింది. బెరిక్ ఊరు ఇంగ్లాండ్ సరిహద్దు లోపల ఉన్నా అక్కడి జట్టు స్కాటిష్ లీగ్‌లోనే ఆడుతూ ఉండేది. ఆ పరాజయానికి బాధ్యులను చేసి జిమ్ ఫారెస్ట్, జార్జ్ మెక్‌లీన్ అనే ఇద్దరు ఫార్వర్డ్‌లను మళ్లీ మొదటి జట్టులోకి రానివ్వలేదు. నాలుగు నెలల తరువాత, లిస్బన్ ఫైనల్ జరిగిన ఆరో రోజున, రేంజర్స్ మూడో యూరోపియన్ టోర్నీ అయిన కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌కు న్యూరెంబర్గ్‌లో బయెర్న్ మ్యూనిక్‌పై దిగినప్పుడు సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో నిలబెట్టింది రోజర్ హిండ్‌ను. స్వతహాగా ఆయన రక్షణలో ఆడే మనిషి. అదనపు సమయంలో పడ్డ ఒకే ఒక్క గోల్‌తో కప్పు చేజారింది. కోపంలో తీసుకున్న ఒక నిర్ణయానికి క్లబ్బు ఎంత మూల్యం చెల్లించిందో చూస్తే నాకు ఈనాటికీ బాధ కలుగుతుంది. ఒకే నగరపు రెండు జట్లు ఒకే వారంలో రెండు యూరోపియన్ కప్పులు ఇంటికి తెచ్చే అవకాశం అంత చేరువకు వచ్చింది మరి.

జాతీయ జట్టు సంగతీ చెప్పాలి. ఏప్రిల్ 15న వెంబ్లీలో స్కాట్లాండ్ 3-2తో ప్రపంచ విజేత ఇంగ్లాండ్‌ను ఓడించింది. 36 ఏళ్ల గోల్‌కీపర్ రోనీ సింప్సన్‌కు అదే తొలి అంతర్జాతీయ మ్యాచ్. జిమ్ బాక్స్టర్ బంతిని నేలకు తాకనీయకుండా కాలిపై ఆడించిన దృశ్యం గురించి స్కాట్లాండ్ వాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. జాక్ చార్ల్టన్ గాయంతో కుంటుతూ ఆడాడన్నదీ, అప్పట్లో బదులు ఆటగాడిని దింపే వీలు లేదన్నదీ నిజమే. దానివల్ల ఆ గెలుపు విలువ తరగదని నా అభిప్రాయం. ఆ తరువాత మే 10న హాంప్‌డెన్ పార్క్‌లో సోవియట్ యూనియన్ చేతిలో స్కాట్లాండ్ 2-0తో ఓడినప్పుడు సొంత గోల్ చేసుకున్నది గెమెల్. పదిహేను రోజులకు లిస్బన్‌లో తలరాత మార్చిన గోల్ కొట్టినదీ అతనే.

ఇదంతా మనకెందుకని కొందరు అడగవచ్చు. 1888లో సిమ్లాలో తొలి డ్యూరాండ్ కప్ గెలిచింది ఒక స్కాటిష్ పటాలం. ఇక స్థానిక కుర్రాళ్లతో గొప్ప జట్టును నిర్మించడమంటే ఏమిటో, రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

చివరిగా క్లైడ్ క్లబ్బు మాట. ఆ సీజన్ లీగ్‌లో సెల్టిక్, రేంజర్స్‌ల వెనుక మూడో స్థానంలో నిలిచింది ఈ గ్లాస్గో జట్టే. కానీ ఒక నగరం నుంచి ఒక్క జట్టుకే చోటన్న ఫెయిర్స్ కప్ నిబంధన వల్ల ఆ స్థానం రేంజర్స్‌కు పోయి, క్లైడ్‌కు మరుసటి ఏడాది యూరప్‌లో ఆడే అవకాశం దక్కలేదు. ఈ ఒక్క సంగతి మన భాషలో ఎక్కడా నా కంటపడలేదు. వచ్చే మే 25న మీరు లిస్బన్ ఫొటో ప్రచురిస్తే, దాని పక్కన ఆ ఏటి స్కాటిష్ లీగ్ పట్టిక కూడా వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్.