కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2021లో బాలల న్యాయ చట్టాన్ని సవరించాక దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు వచ్చింది. అందుకే, ఓ పాపను దత్తత తీసుకున్న తల్లిగా మీకు రాస్తున్నాను.

బిడ్డ ఇంటికొచ్చాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి దత్తత వ్యవహారాలు చూసే సిబ్బంది వచ్చి చూడాలి. తప్పనిసరి పరిశీలన అంతటితో సరి. మాకు అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. "నన్ను కన్న అమ్మ నన్నెందుకు వదిలేసింది?" అని ఏడేళ్ల పిల్ల కంచం ముందు కూర్చుని అడుగుతుంది. అబద్ధం చెప్పలేం, నిజం మాకూ పూర్తిగా తెలియదు. వచ్చిన కొత్తలో బిస్కెట్లు దిండు కింద దాచుకునేది. ఆకలి ఎరిగిన పిల్లలు అలా చేస్తారని మాకెవరూ ముందుగా చెప్పలేదు. పెళ్లిళ్లలో దాని ఎదుటే "ఎవరి పిల్లండీ, ఏ కులం?" అంటారు. పసిదాన్ని ఇంతగా కోసే మాట ఇంకోటి లేదు. బడిలో నెలల వయసు ఫొటో తెమ్మన్నారు. మా దగ్గర అది లేదు. ఆ రాత్రంతా ఏడ్చింది.

పిల్లల మనసు తెలిసిన కౌన్సెలర్‌ను రెండేళ్లు దాటాక కూడా మాకు అందుబాటులో ఉంచండి. లంక గ్రామాల వాళ్లు పంటు మీద గోదావరి దాటి అమలాపురం రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, కాబట్టి నెలకోసారైనా మండల కేంద్రానికి పంపండి. టీచర్లకు ఒక పూట శిక్షణ ఇప్పించండి. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
రాజోలు వైపు నుంచి ఓ తల్లి