షెవ్రొలే ట్రక్కు సింగిల్ పీస్ డోరు గ్లాసు కిట్టుపై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 1953 మోడల్ షెవ్రొలే పికప్ ట్రక్కు కోసం మీరు అమ్మిన సింగిల్ పీస్ డోరు గ్లాసు కిట్టు తలుపుల్లో సరిగా పని చేయకపోవడం, డబ్బు వాపసు కోరడం.

అయ్యా,

మీ కిట్టు గురించి ఫోన్లో చెప్పాను, వాట్సాప్‌లో ఫొటోలూ వీడియోలూ పంపాను. ప్రతిసారీ ఎవరో కొత్త మనిషి మాట్లాడి, కొత్త కారణం చెప్పి, మళ్లీ ఫోన్ చేస్తామని పెట్టేస్తున్నారు. చేసింది మాత్రం లేదు. అందుకే మొత్తం ఒకచోట రాసి, ఇన్‌వాయిస్ కాపీ జతచేసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇదే ఉత్తరం మీ మెయిల్‌కు కూడా పెడుతున్నాను.

ముందు బండి సంగతి. బొంబాయిలో బిగించి అమ్మిన కుడి స్టీరింగు షెవ్రొలే ఇది. ముందు అద్దం రెండు ముక్కలది. 1954 మోడల్ నుంచే అది ఒకే ముక్కగా వచ్చింది, మాది అంతకు ముందరిది. మా తాత సెకండ్ హ్యాండులో కొన్నాడు. నాగార్జునసాగర్ డ్యాము కట్టేటప్పుడు అక్కడి కూలీలకు సరుకులు చేరవేసిన బండి. తర్వాత చాలా ఏళ్లు షెడ్డులో మూలకు పడి ఉంది. ఇప్పుడు బాడీ వర్క్ అంతా చేయించి పవర్ స్టీరింగు, ముందు డిస్క్ బ్రేకులు, ఏసీ పెట్టించాను. ఎగ్జిబిషన్లో నిలబెట్టడానికి కాదు, నార్కట్‌పల్లి రోడ్డు మీద నడపడానికి.

తలుపుల్లో ముందు వైపు ఉండే చిన్న క్వార్టర్ గ్లాసులను తీసేసి, తలుపుకు ఒకే పెద్ద అద్దం పెట్టాలనుకున్నది ఆ ఏసీ వల్లనే. క్వార్టర్ గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు ఎండి రాయిలా అయింది. మూసినా గాలి ఈలేస్తుంది, చల్లదనం నిలవదు, వాన పడితే మోకాలి మీద చుక్కలు. ఏసీ లేని రోజుల్లో ఆ చిన్న అద్దాన్ని వెనక్కి తిప్పితే గాలి నేరుగా ఛాతీకి కొట్టేది. మా ఎండలకు అది వరమే, కాదనను. అయితే ఇది నేను పుట్టించిన వింత కోరిక కూడా కాదు. ఈ ట్రక్కు 1947లో వచ్చినప్పుడు తలుపుకు అద్దం ఒక్కటే. క్వార్టర్ గ్లాసు 1951 మోడల్‌తో వచ్చింది. అమెరికాలో ఈ తలుపులకు సింగిల్ పీస్ కిట్లు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. మీ పేజీలో కూడా 1951 నుంచి 1955 మొదటి సిరీస్ (ఆ ఏడు కొత్త బాడీ రాకముందరిది) వరకు సరిపోతుందని, "పూర్తి కిట్టు, కోత లేదు, వెల్డింగ్ లేదు, పాత మిషన్‌తోనే పని చేస్తుంది" అని రాసి ఉంది. ఆ పేజీ ఫొటో నా దగ్గర ఉంది. ఆర్డర్ పెట్టే ముందు మోడల్ సంవత్సరం, కుడి స్టీరింగు సంగతి రెండూ మీ వాళ్లకు చెప్పాను. సరిపోతుందని రాతపూర్వకంగా జవాబిచ్చారు. బిల్లు 34,500 రూపాయలు, చెక్క పెట్టె, రవాణా చార్జీలు వేరే.

పెట్టె విప్పితే రెండు అద్దాలు, అద్దం అంచు జారే గాడి ఉన్న ఛానళ్లు రెండు, ఫెల్టు (మెత్తటి ఉన్ని పట్టీ) చుట్ట, కొన్ని స్క్రూలు ఉన్నాయి. ఎట్లా బిగించాలో చెప్పే కాగితం లేదు.

అసలు లోపం ముందు ఛానల్ దగ్గర ఉంది. క్వార్టర్ గ్లాసు వెనక నిలువుగా ఒక కమ్మీ ఉంటుంది కదా, అది చిన్న అద్దానికి చట్రం మాత్రమే కాదు. పెద్ద అద్దం ముందు అంచు పైకీ కిందికీ జారేది ఆ కమ్మీ లోపలి గాడిలోనే. ఆ కమ్మీ తలుపు లోపల కింది దాకా దిగి ఉంటుంది. దాన్ని పీకేస్తే కొత్త అద్దానికి ముందు వైపు దారి పోయినట్టే. కాబట్టి కిట్టులో వచ్చే ఛానల్ తలుపు చట్రం ముందు అంచు వెంబడి దిగి, తలుపు లోపల బాగా కిందికి వెళ్లి, అక్కడ ఒక క్లాంపుతో లోపలి రేకుకు బిగియాలి. మీరు పంపిన ఛానల్ కిటికీ గట్టు దాటి నాలుగు వేళ్లు దిగి ఆగిపోయింది. క్లాంపు అసలే లేదు. అద్దాన్ని పూర్తిగా దించితే పైకొస మాత్రమే ఛానల్లో ఉంటుంది, మిగతాదంతా తలుపు లోపల ఊగుతుంది. గుంతలో బండి దిగినప్పుడల్లా లోపలి నుంచి టకటక చప్పుడు.

రెండోది, అద్దం అడుగున అతికించిన పట్టీ. హ్యాండిల్ తిప్పితే, అద్దాన్ని లేపి దించే మిషన్ చేతికి ఉన్న రోలరు ఆ పట్టీలోనే నడుస్తుంది. కొత్త అద్దం ముందుకు జానెడు వెడల్పు పెరిగింది, పట్టీ మాత్రం పాత అద్దానికి ఉన్నంతే ఉంది, పాత చోటే ఉంది. దాంతో బరువంతా ముందుకు పడి ముందు మూల వాలుతుంది, అద్దం వంకరై అంచులు ఛానళ్లలో బిగుసుకుంటాయి. సగం దాకా లేచిన అద్దం అక్కడే పట్టేస్తుంది. ఎడమ తలుపు అద్దాన్ని ఒకరు అరచేతులతో నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు హ్యాండిల్ తిప్పితే పైదాకా వస్తుంది. డ్రైవర్ వైపుది అట్లా కూడా రావడం లేదు. మా మెకానిక్ ఉస్తాద్ చెయ్యి తీసేసి, "అన్నా, ఇగ తిప్పకు. ఇంకో చుట్టు తిప్పితే పలుగుతది" అన్నాడు. పాత ట్రక్కుల తలుపులు విప్పీ బిగించీ జుట్టు నెరిసిన మనిషి. మీ టెక్నీషియన్‌తో ఫోన్లో నా ఎదుటే మాట్లాడాడు. మిషన్ గ్రీజు పెట్టి ఉంది, పళ్లు బాగున్నాయి, పాత అద్దం పెట్టి చూస్తే ఒక వేలితో తిరుగుతోంది. "బిగించడంలో తప్పు" అన్న మీ మొదటి జవాబు అక్కడికే ఆగిపోవాలి.

కిటికీ గట్టు మీద అద్దానికి రెండు వైపులా ఉండే ఫెల్టు పట్టీలు కూడా పాత కొలతకే కోసి పంపారు. క్వార్టర్ గ్లాసు ఉన్న చోట ఖాళీ అట్లాగే మిగిలింది. దుమ్మూ వాన నీళ్లూ నేరుగా తలుపులోకి పోతున్నాయి. ఇది చిన్న విషయమే, మీటరు ఫెల్టు ఇక్కడే దొరుకుతుంది. కానీ "పూర్తి కిట్టు" అన్నది మీరు.

నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే ఉంది. అద్దం పట్టేస్తోందని చెప్తే మీ సపోర్టు మనిషి, "ముందు అంచు గ్రైండర్‌తో రెండు మిల్లీమీటర్లు రాపించండి, సరిపోతుంది" అన్నాడు. మీ పేజీలో ఇది టెంపర్డ్ గ్లాసు అని ఉంది. టెంపర్డ్ గ్లాసును 600 డిగ్రీలు దాటించి వేడి చేసి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. అందువల్ల పై పొర బిగుసుకుని ఒత్తిడిలో ఉంటుంది, లోపలి పొర లాగబడి ఉంటుంది. కోతైనా, రంధ్రమైనా, అంచు రాపిడైనా ఆ పని ముందే అయిపోవాలి. తర్వాత గ్రైండర్ పెడితే అద్దం మొత్తం ఒక్కసారిగా గుళికల్లా రాలిపోతుంది, అదీ పట్టుకున్నవాడి ముఖం ముందు. అద్దాలు అమ్మే కంపెనీ మనిషి ఈ సలహా ఎట్లా ఇస్తాడు? ఉస్తాద్‌కు తెలుసు కాబట్టి ఆగాడు. ఆ షెడ్డులో పని నేర్చుకునే పిల్లవాడికి ఆ మాట చెప్పి ఉంటే ఏమయ్యేది?

ఆ మాట తర్వాతే అద్దాలను మూలమూలా వెతికాం. సేఫ్టీ గ్లాసు మీద చెరగని గుర్తు ఉండాలి. బండ్ల సేఫ్టీ గ్లాసుకు మన దేశంలో ఐఎస్ 2553 రెండో భాగం ప్రమాణం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 100వ నియమం కూడా కిటికీలకు సేఫ్టీ గ్లాసు గానీ, ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్ గానీ ఉండాలంటుంది, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలంటుంది. మీరు పంపిన రెండు అద్దాల మీదా ఏ గుర్తూ లేదు. లేత రంగు వేసిన అద్దం, వెలుతురు ఎంత శాతం వస్తుందో కాగితమూ లేదు. రేపు ఫిట్‌నెస్‌కు వెళ్తే ఇన్‌స్పెక్టర్‌కు ఏం చూపించాలి? ఇది టెంపర్డ్ అవునో కాదో నాకిప్పుడు అనుమానమే. అవునైతే మీ సలహా ప్రమాదకరం, కాకపోతే మీ ప్రకటన అబద్ధం. రెంటిలో ఏదో మీరే రాతపూర్వకంగా చెప్పండి.

వాపసు అడిగితే "కస్టమ్ ఆర్డర్, రిటర్న్ లేదు" అన్నారు. నేను కొలతలేవీ ఇవ్వలేదు. మీ జాబితాలో ఉన్న మోడల్ ఎంచుకుని డబ్బు కట్టాను. మీ దగ్గర పార్టు నంబరుతో నిల్వ ఉన్న సరుకు కస్టమ్ ఎట్లా అవుతుంది? నా ట్రక్కు కస్టమ్ కావచ్చు, తలుపులు మాత్రం కంపెనీ నుంచి వచ్చినవే. వాటి రేకు మీద కోత లేదు, ప్యాచీ లేదు. ఫొటోల్లో చూడండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, అట్లా గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీ బిల్లులో ఏ గడువూ లేదు, ఆ 30 రోజుల్లోపే వాపసు అడిగాను. మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కనుక 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కేసు వేయాల్సి వస్తే మీ ఊరికి రానక్కర లేదు, నేను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. దానికి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను. బెదిరింపని అనుకోకండి, తర్వాత చెప్పలేదని అనకుండా ఉండటానికి రాస్తున్నాను.

నాకు కావలసింది 34,500 రూపాయలు, దాంతోపాటు పెట్టెకు, రవాణాకు నేను కట్టింది. తలుపులు విప్పి బిగించిన కూలి రసీదు కూడా జతచేశాను, అదీ న్యాయంగా మీ మీదే పడుతుంది. మార్చి పంపుతామంటే ఒప్పుకోవడానికి సిద్ధమే, కానీ మళ్లీ ఇదే పెట్టె రాకూడదు. కింది దాకా దిగే ఛానల్, దాని క్లాంపు, అద్దం వెడల్పుకు సరిపడే అడుగు పట్టీ, పూర్తి పొడవు ఫెల్టులు, గుర్తు ఉన్న అద్దం, బిగించే పద్ధతి రాసిన కాగితం అందులో ఉండాలి. పంపే ముందు అట్లాంటి తలుపులో బిగించి, అద్దం పైకీ కిందికీ తిరిగే వీడియో చూపించండి. అది చేతకాదంటే డబ్బే ఇచ్చేయండి. ఏది చేసినా, ఆ పేజీలో "కోత లేదు" అన్న వాక్యం దిద్దేదాకా ఈ కిట్టు ఇంకొకరికి అమ్మకండి. ఆ గ్రైండర్ సలహా ఇంకెవరికి ఇచ్చారో వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పండి. నా డబ్బు కంటే ముందు చేయాల్సిన పని అది.

అద్దాలు మీరు పంపిన చెక్క పెట్టెలోనే, గడ్డీ అట్టలూ తీయకుండా సర్ది ఉంచాను. పాత క్వార్టర్ గ్లాసులు మళ్లీ బిగించి బండి నడుపుకుంటున్నాను, కాబట్టి పెట్టెను ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. కొరియర్ మనిషిని సాయంత్రం పంపండి, వచ్చే ముందు ఫోన్ చేయమనండి. అది ఒక్కడు లేపే బరువు కాదు.

ఇట్లు,
మీ కస్టమర్

జత: ఇన్‌వాయిస్, రవాణా, కూలి రసీదులు, మీ పేజీ ఫొటో, వాట్సాప్ జవాబుల కాపీలు, రెండు తలుపుల ఫొటోలు.